అరవై ఒకటో ఫోను

మా తోడల్లుణ్ణి అందరూ బెల్లం అంటారు. నోరు తెరిస్తే తీపి కారుతుంది కాబట్టి. నేను మనసులో వాణ్ణి పిలుచుకునే పేర్లు వేరే ఉన్నాయి, అవి అచ్చుకి పనికిరావు. మూడేళ్ళ కిందట కొండవాలులో నాకున్న ఒకే ఒక్క ఆస్తి వాడు కొన్నాడు. కొన్నానని వాడంటాడు, పెరుక్కున్నాడని నేనంటాను. ఆ రోజు నా భుజం మీద చెయ్యేసి, "తమ్ముడూ, ఫోను మోగని నేల పీనుగుతో సమానం. ఎంత తొందరగా వదిలించుకుంటే అంత మంచిది. అక్కచెల్లెళ్ళ మొహం చూసి నేను తీసుకుంటున్నా గానీ, ఇంకొకడైతే ఊరికే ఇచ్చినా వద్దంటాడు" అన్నాడు. వాడి దవడలో ఎప్పుడూ ఒక పిప్పరమెంటు బిళ్ళ ఉంటుంది. మాట్లాడుతుంటే అది పళ్ళకి తగిలి టిక్కు టిక్కుమంటుంది. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి, అంత మాటకారి ముందు నేనేం నిలబడతాను? సంతకం పెట్టాను.

అప్పట్నుంచీ పోయినవాళ్ళని వెతికిపెట్టడం నా బతుకుతెరువు. పోయిన నేల మాత్రం దొరకలేదు.

ఆ గురువారం నేనెక్కిన కొండకి అవతలి వాలే ఆ నేల. అటు కన్నెత్తి చూడకూడదని ఒట్టు పెట్టుకుని ఇవతలి దారిన ఎక్కాను.

నన్ను పంపింది ఒక టైలరమ్మ. ఆమె తమ్ముడు వారం రోజులుగా కనపడటం లేదు. ఆఫీసులో అతన్ని చెకర్ అంటారు. అతని ఉద్యోగం ఏమిటో కుట్టుమిషను ఆపకుండానే చెప్పింది.

"మన ఫోను బిల్లులో వందకి ఇంతని కోసుకుంటారు కదన్నా, అదంతా ఒక నిధి. అరవై గడపలున్న చోట టవర్ పెడితే ఏ కంపెనీకి గిట్టుతుంది? ఆ నష్టం ఈ నిధి పూడుస్తుంది. టవర్ నిజంగా ఆ ఇళ్ళకి అందుతోందా లేదా అని చూసొచ్చేది మావాడు."

"అందుతోందని ఎలా తెలుస్తుంది?"

"ప్రతి ఇంటి ఫోనూ వారంలో ఒక్కసారైనా ఆ టవర్‌కి తగలాలట. తగిలితే ఆ ఇంటికి అందినట్టే లెక్క. డబ్బు విడుదల." అప్పుడు మిషను ఆపింది. "వెళ్ళే ముందు రోజు కంచం ముందు కూచుని వాడు ఒకటే మాట. 'అక్కా, అరవై ఇళ్ళ ఫోన్లూ వారమంతా చచ్చి పడుండి, గురువారం మధ్యాహ్నం ఒకేసారి ఎలా లేచి కూచుంటాయే?' అని."

కొండమీద చలి అని అతనికి కోటు కుట్టిచ్చిందట. బయట నల్లగుడ్డ. లోపలి లైనింగుకి గుడ్డ చాలక, మిగిలిపోయిన కర్టెన్ ముక్క వేసింది. ఎర్రది, పసుపు పువ్వులది. "సిగ్గేసి వాడు ఎండలో కూడా గుండీలు విప్పడన్నా" అని నవ్వబోయి, నవ్వలేకపోయింది. "వాడు బతికే ఉన్నాడా?"

"నేను బతికున్నవాళ్ళనే వెతుకుతానమ్మా" అన్నాను. అబద్ధం. కిందటేడు నేను వెతికిపెట్టిన ముగ్గుర్లో ఇద్దరు చాపచుట్టలో ఇంటికొచ్చారు.

*

పైన ఆ అరవై ఇళ్ళ మధ్యకి వెళ్ళేసరికి నా వెనకాలే తలుపులు ఒక్కొక్కటీ మూసుకున్నాయి. ఒక కుక్క మాత్రం రెండుసార్లు మొరిగి, మనకెందుకొచ్చిన గొడవ అనుకున్నట్టు అదీ లోపలికి పోయింది. చివర ఒక కొట్టు తెరిచుంది. సబ్బులు, అగ్గిపెట్టెలు, కొవ్వొత్తులు. బల్ల వెనక నలభై ఏళ్ళావిడ. ఆమెని గంపమ్మ అంటారని కిందే విన్నాను. ఎందుకో అక్కడికెళ్ళాక తెలిసింది.

బల్లకింద వెదురు గంప. గంపనిండా ఫోన్లు. ఒక్కోదానికి ఒక్కో రంగు గుడ్డపీలిక కట్టి ఉంది.

"చెల్లెమ్మా, ఇవన్నీ అమ్మకానికా?"

"ఎవరివి వాళ్ళవే. మీరు కొనేదుంటే కొనండి, లేకపోతే దారి అటు."

అగ్గిపెట్టె కొన్నాను. కొంటూ టైలరమ్మ పేరు కాదు గానీ, ఎర్ర లైనింగున్న నల్లకోటు మాటెత్తాను. ఆమె చెయ్యి చిల్లర డబ్బాలోనే ఆగిపోయింది. లేచి తలుపు సగం మూసింది.

"పూర్తిగా మూస్తే అనుమానం, తెరిచుంచితే ప్రమాదం. గొంతు తగ్గించు అన్నా."

తగ్గించాను.

ఆమె చెప్పింది ఇది. టవర్ పెట్టిన కొత్తలో ఆర్నెల్లు ఇంట్లో కూచుని మాట్లాడుకున్నారు. ఒక రోజు పొద్దున లేచేసరికి ఏ ఇంట్లోనూ ఫోను పలకలేదు. టవర్ నిలబడే ఉంది, దాని దీపం వెలుగుతూనే ఉంది. గంటసేపు దిగి టవర్ గేటు దగ్గర రాయి మీద నిలబడితే మాత్రం సిగ్నల్ ఉంది. వారానికి ఒకరైనా దిగాలి కదా, అందరూ ఎందుకు దిగాలి? గురువారం మధ్యాహ్నం ఈమె అందరి ఫోన్లూ గంపలో వేసుకుని వెళ్తుంది. గేటు దగ్గరికి రాగానే వారంరోజుల కబుర్లూ ఒక్కసారి వచ్చిపడతాయి. గంప కిచకిచలాడుతుంది. ఓ గంట కూచుని, మళ్ళీ పైకి మోసుకొచ్చి ఎవరి ఫోను వాళ్ళకిస్తుంది. మనిషికింతని ఏమైనా పుచ్చుకుంటావా అంటే, "సబ్బు నా దగ్గరే కొంటారు, చాలదా?" అంది.

చెకర్ అడిగిన ప్రశ్నకి జవాబు బల్లకింద గంపలో ఉంది. సిగ్నల్ రాని జనం తమ తిప్పలు తాము పడుతుంటే, ఆ తిప్పలే కంపెనీకి సాక్ష్యం అవుతున్నాయి. అరవైకి అరవై ఇళ్ళకి అందుతోందని ప్రతి గురువారం ఈ తల్లే నెత్తిన మోసుకెళ్ళి ఒప్పజెప్పి వస్తోంది.

"మీరు ఎవరికీ చెప్పలేదా?"

"ఎవరికి చెప్పాలి? తనిఖీకి వచ్చినవాళ్ళు జీపు దిగి, గేటు దగ్గర ఫోను చూసుకుని, 'భేష్' అని పోతారు. కొండ ఎవరెక్కుతారు? కాంట్రాక్టరు గారిని అడిగాం. ఆయన మంచి మాటకారి, పిల్లలందరికీ బిళ్ళలు పంచుతాడు. 'అమ్మా, మీ అరవై ఇళ్ళ బిల్లూ కలిపితే టవర్‌కి రెండు రోజుల డీజిలు రాదు. గొడవ చేశారో, గిట్టదని ఉన్న ఇనుము కూడా పీక్కుపోతారు' అన్నాడు. నవ్వుతూనే అన్నాడు."

"చెకర్?"

"పోయిన గురువారం ఆయనొక్కడే పైదాకా నడిచొచ్చాడు. పాపం, నా వెనకాలే దిగి గేటు దాకా వచ్చాడు. గంప కిచకిచలాడగానే అక్కడే కూలబడి నవ్వాడు. తర్వాత టవర్ పైకి చూసి నవ్వాపేశాడు. గంపనీ టవర్‌నీ ఫొటో తీసి, ఫోను ఆపి నా గంపలో పడేసి, 'అక్కా, దీన్ని అరవైలో కలిపెయ్. నేను దిగొచ్చాక తీసుకుంటా' అన్నాడు. నేను ఇంకా మలుపు తిరగలేదు, అవతల నుంచి జీపు చప్పుడైంది." ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. "వెనక్కి చూడలేదన్నా. పిల్లలున్నదాన్ని."

గంప అడుగునుంచి పీలిక కట్టని ఫోను ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. తేలు పిల్లని వదిలించుకున్నట్టు పెట్టింది.

"ఇవాళ గంప దించకు చెల్లెమ్మా" అన్నాను. "ఈ వారం ఒక్క ఫోనూ తగలకపోతే వాళ్ళకి డబ్బు ఆగుతుంది. అప్పుడు పైవాళ్ళే కొండెక్కి చూస్తారు."

"ఆగితే టవరే పీకేస్తారేమో?"

ఫోను జేబులో వేసుకున్నాను. ఆమె గంపని కాలితో బల్లకిందికి నెట్టి, సగం మూసిన తలుపు తీసింది.

*

టవర్ గేటు తీసే ఉంది. లోపల జనరేటరు గది, దానిముందు సిమెంటు అరుగు. అరుగు మీద ఒక మనిషి కూచుని ఉన్నాడు. కొండమీద కూడా మడత నలగని చొక్కా. కంపెనీ తరఫు విచారణాధికారి. పాత పోలీసు. మా వృత్తిలో వాళ్ళం అతన్ని ఇస్త్రీ అంటాం. పోయిన రెండు కేసుల్లో నాకంటే ముందే వెళ్ళి జాడలన్నీ చదును చేసినవాడు.

"ఏడో తరగతి డిటెక్టివ్ గారు కొండలు కూడా ఎక్కుతున్నారే! మోకాళ్ళు బాగున్నాయా?"

"మీ చొక్కా బాగుందండి. పీనుగ మీద కప్పడానికి తెచ్చారేమో అనుకున్నా."

నవ్వలేదు. పక్కనున్న బూట్ల జతని కర్రతో చూపించాడు. "నీ చెకర్‌వి. ఇక్కడ విడిచాడు. అదిగో లోయ. ఏదో ప్రేమ వ్యవహారమట. దూకేశాడు. కేసు అయిపోయింది, ఇంటికి పో."

నేను వంగి బూట్లు చూశాను. లేసులు తాపీగా విప్పి ఉన్నాయి. ఒక్కో బూటులో ఒక్కో సాక్సు, చక్కగా మడతపెట్టి.

"చచ్చేవాడు సాక్సులు మడుస్తాడా సార్? మళ్ళీ వచ్చి తొడుక్కుందామనుకున్నవాడే మడుస్తాడు. బూట్ల అడుగు చూడండి, నున్నటి తోలు. ఇనప నిచ్చెన మీద జారుతుంది. అతను లోయలోకి దిగలేదు. పైకి ఎక్కాడు."

ఇస్త్రీ నా మొహంలోకి కాకుండా గేటు వైపు చూశాడు. "పైన ఏముంది? గాలి."

"మరి ఇళ్ళకి సిగ్నల్ ఎందుకు లేదు?"

"లేదని ఎవరన్నారు? మా కంప్యూటర్లో అరవై ఫోన్లూ తగులుతున్నాయి. నూటికి నూరు. ఏ పట్నంలో ఉందయ్యా అంత హాజరు?" గొంతు పెంచాడు. "అసలు లెక్క ఆలోచించావా? వాళ్ళు కట్టేది చిల్లర. ఈ ఇనుము తినేది నోట్లకట్టలు. పట్నంలో నువ్వూ నేనూ కట్టే బిల్లులోంచి కోసి వీళ్ళకి పెడుతున్నారు. సేవంటే ఇదే. ఇంకా ఏం కావాలి?"

"కోశారు, నిజమే. వీళ్ళ పేరు చెప్పి కోశారు. కానీ నిధి డబ్బిచ్చేది ఫోను టవర్‌కి తగిలినందుకు సార్. ఇంట్లో మోగినందుకు కాదు. మీ కంపెనీకి తేడా తెలుసు. ఆ చెకర్‌కి తెలిసిపోయింది."

అతను జేబులో చెయ్యి పెట్టాడు. నేనొక అడుగు వెనక్కి వేశాను. బయటికొచ్చింది రుమాలు. మెడ తుడుచుకున్నాడు. ఆ చలిలో.

"ఇవాళ గురువారం," అన్నాడు నెమ్మదిగా. "రెండు దాటింది. ఒక్క ఫోనూ తగల్లేదు. ఇప్పటికి మూడుసార్లు నాకు ఫోన్ చేశాడు, ఎందుకని."

"ఎవరు?"

"కాంట్రాక్టరు." పక్కనే పొదలోకి ఉమ్మేశాడు. "విను. నీకూ నాకూ పడదు. అయినా చెబుతున్నా. నాకు కంపెనీ ఇచ్చింది 'బూట్లు చూసి రిపోర్టు రాయి' అన్న పని. అంతకు మించి నేను చూడను. చూడకపోవడానికే నాకు జీతం. నాకు ఇద్దరు ఆడపిల్లలు. నువ్వు కూడా చూడకుండా దిగిపో."

ఇంతకుముందు ఇస్త్రీ నన్ను తిట్టాడు, వెక్కిరించాడు, ఒకసారి కాలర్ పట్టుకున్నాడు. బతిమాలడం అదే మొదలు. అప్పుడు వేసింది నాకు అసలు భయం. అతను మోటారుసైకిలు తీసి అవతలి రోడ్డున వెళ్ళిపోయాడు. మలుపు తిరిగాక బండి ఆగిన చప్పుడైంది. ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. తర్వాత మళ్ళీ బండి చప్పుడు, దూరంగా.

గది గుమ్మం దగ్గర నేలమీద పిప్పరమెంటు కాగితాలు నాలుగైదు పడున్నాయి. తీసి చూశాను. పారేశాను. లోకంలో పిప్పరమెంట్లు చప్పరించేవాడు వాడొక్కడేనా ఏమిటి అని నాకు నేనే చెప్పుకున్నాను. నా మాట నేనే నమ్మలేదు.

*

నాకు ఎత్తంటే చచ్చేంత భయం. ఇంట్లో అటకెక్కమంటే మా ఆవిడే ఎక్కుతుంది. కానీ ఆ బూట్లు జవాబు పైన ఉందని చెబుతున్నాయి. చెకర్ ఫోనుని బొడ్లో దోపుకుని, నా చెప్పులు అతని బూట్ల పక్కనే విడిచి, నిచ్చెన పట్టుకున్నాను.

ఇనుము మంచులా ఉంది. కిందికి చూడకూడదంటారు. పైకి చూసినా అంతే, మబ్బులు కదులుతుంటే టవరే ఒరిగిపోతున్నట్టుంటుంది. అందుకని కళ్ళ ముందున్న మెట్టుని మాత్రం చూస్తూ, దాన్ని బతిమాలుతూ ఎక్కాను. మధ్యలో ఒకచోట గాలి విసురుకి చొక్కా బెలూన్‌లా ఉబ్బింది. ఊచని కౌగిలించుకుని, మా అమ్మని తలుచుకుని, ఆమె బతికున్నప్పుడు నా నోట ఎప్పుడూ వినని మాటలు అప్పుడు చెప్పుకున్నాను.

పైన తట్ట లాంటి ఇనప అరుగు. దానిమీద బోర్లా పడి ఊపిరి తీసుకున్నాను. తలెత్తి చూశాను.

సిగ్నల్ విసిరేవి నిలువుగా ఉండే తెల్లపెట్టెలు. మూడున్నాయి. అరవై ఇళ్ళ వైపున్న గొట్టాల మీద ఒక్కటీ లేదు. అక్కడ పాత బిగింపుల ఆనవాళ్ళు మాత్రం ఉన్నాయి, పట్టీ తీసేసిన మణికట్టు మీద తెల్లమచ్చలా. మూడు పెట్టెలనీ విప్పి, కొత్త బోల్టులతో అవతలి వాలు వైపు తిప్పి బిగించారు. గేటు దగ్గర తగిలేది ఆ పెట్టెల కింద కారే ఎంగిలి సిగ్నల్. పేదవాళ్ళ పేరు చెప్పి డబ్బు తెచ్చుకుని, ఫోను మాత్రం ఇంకెవరికో ఇస్తున్నారు.

ఎవరికి?

ఒట్టు తీసి గట్టున పెట్టి అటు చూశాను.

కిందే ఉంది, కేక వేస్తే వినపడేంత దూరం. ఎర్రపెంకుల విడిది ఇళ్ళు, పన్నెండో పదమూడో. మధ్యలో ఈతకొలను. కార్లు. కుర్చీల్లో కూచుని ఫోన్లలో నవ్వుతున్న మనుషులు. ఆ నేల అంచున మా నాన్న పేర్చిన రాతికట్టు, మధ్యలో విరిగి, నేను చిన్నప్పుడు ఎక్కి పడి పన్ను విరగ్గొట్టుకున్న చోటుతో సహా, అలాగే ఉంది.

ఫోను మోగని నేల పీనుగన్నాడు. కొన్నాక దానికి ప్రాణం పోశాడు, అరవై ఇళ్ళ గొంతు నొక్కి.

కట్టు పక్కన సామాన్ల షెడ్డు. దానికి ఒకే కిటికీ, ఊచలు. ఊచలకి ఏదో వేలాడుతోంది. కళ్ళు చిట్లించి చూశాను. ఎర్రగుడ్డ. తిరగేసిన కోటు. పసుపు పువ్వులు అంత దూరం నుంచి కనపడ్డాయో, కనపడ్డాయని నేననుకున్నానో చెప్పలేను. గుండీలు విప్పడానికే సిగ్గుపడే కుర్రాడు, లైనింగుని లోకానికి చూపిస్తున్నాడు.

బతికే ఉన్నాడు.

ఆ సంతోషంలోనే తప్పు చేశాను. ఆ ఎర్రగుడ్డని ఫొటో తియ్యాలి, నా డబ్బా ఫోనుకి ఆ యోగ్యత లేదు. చెకర్ ఫోను తీసి ఆన్ చేశాను. తెర వెలిగింది, సిగ్నల్ గీతలు నిండుగా వచ్చాయి. ఒక్క ఫొటో తీశానో లేదో, అది నా చేతిలోనే మోగింది.

ఎత్తాను. ఎత్తకుండా ఉండలేకపోయాను.

టిక్కు.

"తమ్ముడూ," అన్నాడు బెల్లం, "జాగ్రత్త నాయనా. ఎత్తంటే నీకు పడదని మీ వదిన ఎప్పుడూ చెబుతుంటుంది. ఇస్త్రీ చొక్కాయన కబురు చెప్పాడులే. వారం రోజులుగా ఆ ఫోను ఎప్పుడు లేస్తుందా అని నెట్‌వర్క్ ముందు మనిషిని కూచోబెట్టా." టిక్కు. "ఆ కుర్రాడు ఎంత అడిగినా చెప్పడం లేదు, ఎవరి దగ్గర దాచాడో. నువ్వు చెప్పు. ఎవరిచ్చారు నీకు?"

"రాళ్ళ మధ్య దొరికింది."

"అబద్ధం నీకు ఎప్పుడూ రాదు. సరే, జీపు బయల్దేరింది. గేటు దగ్గర ఎవరుంటే వాళ్ళని అడుగుతారు."

కింద అవతలి రోడ్డు మీద దుమ్ము లేచింది. అదే క్షణంలో ఇవతల కాలిబాట మీద ఏదో కదిలింది. తల తిప్పాను. గంపమ్మ. నెత్తిన గంప. ఉన్న ఇనుము కూడా పీకేస్తారేమోనన్న భయం ఆమెని లాక్కొచ్చింది. తల వంచుకుని గబగబా దిగుతోంది. ఆమెకి జీపు కనపడదు, జీపుకి ఆమె కనపడదు. ఇద్దరూ కలిసేది గేటు దగ్గరే. ఆ ఇద్దర్నీ చూస్తున్నది నేనొక్కణ్ణే.

అరిస్తే వీడు వింటాడు. అరవకపోతే ఆమె వచ్చేస్తుంది. గాల్లో సన్నగా కిచకిచ మొదలైంది. గంపలో మొదటి ఫోను నిద్రలేచింది.

"ఏమిటా చప్పుడు?" అన్నాడు బెల్లం. టిక్కు ఆగింది. "తమ్ముడూ, కిందికి చూసి చెప్పు. ఏం కనిపిస్తోంది నీకు?"

రెండో ఫోను. మూడోది. గంప మొత్తం లేవబోతోంది.

నేను లేచి నిలబడ్డాను. ఊచని ఒక చేత్తో పట్టుకుని, ఫోనులోకి, కొండలోకి, లోయలోకి, ఆ కాలిబాట మీదికి, మూడేళ్ళుగా మింగిందంతా కక్కుతూ గొంతు చించుకుని అరిచాను.

"నా నేల కనిపిస్తోందిరా దొంగవెధవా! నా నేల! మా నాన్న కట్టుతో సహా!"

కాలిబాట మీద గంపమ్మ తలెత్తింది. నావైపు చూసింది. ఆగింది.

"ఎంత నేలో చెప్పమంటావా? కొండకి ఇవతలున్నవాళ్ళకి కూడా వినపడేలా చెబుతాను, విను!"

ఆమె గంపని నెత్తి మీంచి దించి, గుండెలకి హత్తుకుని, వచ్చిన దారినే వెనక్కి పరిగెత్తింది. జీపు ఆఖరి మలుపు తిరిగింది. నేను అరుస్తూనే ఉన్నాను.

"రెండెకరాల ముప్పావు!"